ఇసకతిప్ప ఇంజనీరు

నరసరావుపేటలో మా తోడికోడలి కొడుకు పెళ్లి. భోజనాల దగ్గర నాకు ఎదురు వరసలో, ఒకప్పుడు మావారితో కలిసి డ్యాంలో పనిచేసిన స్టోర్ కీపరు కూర్చున్నాడు. పిల్లల సంగతులూ, ఒంట్లో నలతల సంగతులూ అయ్యాక, పెరుగన్నం కలుపుకుంటూ, "మీ పక్క క్వార్టర్లో ఉండేవాడే, పిట్టల ఇంజనీరు, పోయాడంటమ్మా. బందర్లో. చానా రోజులయిందంట" అన్నాడు. ఆ మాట అనేసి, వడ్డించేవాళ్లను పిలిచి ఇంకాస్త పెరుగు వేయించుకున్నాడు.

విస్తరి మడిచి లేచాను. "అప్పుడే లేచావేందే" అని మా తోడికోడలు అడిగింది. ఎండకు అన్నం సహించడం లేదన్నాను.

ఆయన పేరు నాకు తెలుసు. కానీ ఆ పేరు పెట్టి ఆయన్ను పిలవగా నేనెన్నడూ వినలేదు. ఆఫీసులో సార్ అనేవాళ్లు. కూలీలు గేట్ల అయ్యగారు అనేవాళ్లు. తర్వాత తర్వాత, వెనకాల, పిట్టల ఇంజనీరు అన్నారు. నేను అన్నయ్యగారూ అనేదాన్ని. ఎవరూ పిలవని పేరు ఇప్పుడు రాసి ఏం లాభం? అందుకే రాయడం లేదు.

కృష్ణ మీద డ్యాం లేస్తున్న రోజులవి. మాచర్ల దాకా రైలు, అక్కణ్ణుంచి కంకర రోడ్డు. మావారు మెషిన్ షాపులో ఫోర్మన్. రొంపిచెర్ల దగ్గర పొలాల మధ్య పెరిగి, పెళ్లయ్యాక ఆ కొండల మధ్యకు వచ్చిపడ్డాను. రేకుల కప్పుల క్వార్టర్లు. మధ్యాహ్నమయితే పైన రేకు, కింద నాపరాయి రెండూ కాలేవి. రోజుకు రెండుసార్లు సైరన్ మోగేది. ఆ వెనకే కొండను పేల్చేవాళ్లు. వంటింట్లో గిన్నెలు గణగణమనేవి.

మా పెరటి గోడకు అవతల ఆయన క్వార్టరు. గోడ ఛాతీ ఎత్తుండేది. గోడ దగ్గరకు రావాలంటే ముందు దగ్గేవారు. పెరట్లో ఆడవాళ్లుంటే సర్దుకుంటారని. ఆ దగ్గు వినపడగానే నేను కొంగు సర్దుకుని, "రండి అన్నయ్యగారూ" అనేదాన్ని. వచ్చి అటువైపే నిలబడేవారు. ఎన్నిసార్లు పిలిచినా ఇటువైపు గడపలోకి వచ్చింది తక్కువ.

వంట ఆయనే చేసుకునేవారు. పొద్దున చేసిన కూరే రాత్రికి, ఒక్కోసారి మర్నాటికి. కంచం చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి తినేవారు. మా పెరట్లోంచి కనపడేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఏంది అన్నయ్యగారూ, పనివాళ్లలాగా ఆ నిలబడి తినడం? పీట లేదా?"

"ఉందమ్మా. కూర్చుంటే ఎదురుగా ఇంకెవరో ఉండాలనిపిస్తుంది" అన్నారు.

మాట్లాడేటప్పుడు కుడి అరచెయ్యి బోర్లించి గాల్లో పెట్టేవారు, బల్ల మీద పెట్టినట్టు. నీళ్ల గురించి అయితే ఆ చెయ్యి పైకీ కిందికీ నెమ్మదిగా కదిలేది. మావారు ఇంట్లో దాన్ని అనుకరించి నవ్వించేవారు. ఏదడిగినా ముందు "చూద్దాం" అనేవారు. పాలు కావాలా అంటే చూద్దాం. పండక్కి ఊరెళ్తారా అంటే చూద్దాం. అవునో కాదో మనమే అర్థం చేసుకోవాలి.

ఆయన పని గేట్లు. డ్యాం అప్పటికి సగమే లేచింది. వేసవిలో ఏటి నీళ్లు అడుగునున్న తూముల్లోంచి దిగువకు పోయేవి. దిగువన పునాదుల పని ఉంటే తూములు మూసి నీళ్లు వెనకాల ఆపేవాళ్లు. పని అయ్యాక తెరిచేవాళ్లు. ఎప్పుడు మూయాలి, ఎంత తెరవాలి అన్నది చూసుకునేది ఆయన. పైనుంచి ఆర్డరు వస్తుంది, ఆయన గేటు ఎత్తిస్తారు. అంతవరకే.

మేం వెళ్లిన ఏడు వేసవిలో అట్లాగే ఆర్డరొచ్చింది. ఆపిన నీళ్లన్నీ ఒక్కసారి వదిలారు. మర్నాడు దిగువన రేవులు ఎట్లా ఉన్నాయో చూడటానికి ఆయన జీపులో గురజాల వైపు వెళ్లారు. అక్కడ ఏటి మధ్యలో పెద్ద ఇసకతిప్ప ఒకటి ఉండేది. తిరిగొచ్చిన సాయంత్రం దగ్గకుండానే గోడ దగ్గరకు వచ్చి నిలబడ్డారు. నేను బట్టలు ఆరేస్తున్నాను. నన్ను చూసినట్టు కూడా లేదు.

"ఏమయింది అన్నయ్యగారూ?"

"తిప్ప మునిగిపోయిందమ్మా. దాని మీద పిట్టలు గుడ్లు పెట్టుకున్నాయి. కొన్ని పిల్లలు కూడా చేశాయి. ఒకటి నోట చేప పట్టుకుని వచ్చింది. నీళ్ల మీద తిరుగుతోంది. దిగడానికి చోటు లేదు. నేనక్కడ ఉన్నంతసేపూ ఆ చేప వదల్లేదు."

మజ్జిగ తెచ్చిస్తే గోడ మీదే పెట్టి మర్చిపోయి వెళ్లిపోయారు.

ఆ చలికాలంలో ఆయన భార్య వచ్చారు. అప్పటిదాకా ఆయనకు భార్య ఉన్నట్టే కాలనీలో చాలామందికి తెలియదు. బందరు మనిషి. సన్నగా, నెమ్మదిగా ఉండేది. ఆయన ముందురోజే ఇల్లంతా కడిగించి, మాచర్ల సంతలో కొత్త కుర్చీ కొనుక్కొచ్చారు. ఆవిడ ఉన్న నాలుగు రోజులూ కిటికీ దగ్గర ఆయన కనపడలేదు. కూర్చునే తిన్నారనుకుంటాను.

ఆవిడకు పేలుళ్లు పడలేదు. సైరన్ మోగగానే చెవులు మూసుకుని మంచం మీద ముడుచుకుపోయేది. పేలుడు అయిపోయాక కూడా చాలాసేపు చేతులు తియ్యలేకపోయేది. చివరి రోజు నాతో అన్నది, "ఈయన మంచివారే వదినగారూ. ఇక్కడ మాత్రం నేను బతకలేను. ఈయనకు ఇది తప్ప ఇంకో పని చేతకాదు."

ఆయనే పెట్టె మోసుకెళ్లి మాచర్లలో రైలెక్కించి వచ్చారు. సాయంత్రం గోడ దగ్గర దగ్గు వినపడింది.

"ఆవిడ మీతో ఏమన్నా అన్నదా అమ్మా?"

"మీరు మంచివారన్నది."

"ఊఁ" అన్నారు. ఇంకేమన్నా ఉందేమోనని కొంచెంసేపు నిలబడ్డారు. నేను చెప్పలేదు. ఆవిడ మళ్లీ రాలేదు. ఆ కొత్త కుర్చీని ఎండలో వడియాలు పెట్టుకోవడానికి మాకిచ్చేశారు.

మాఘమాసం వచ్చింది. ఏట్లో పల్లం ఇసకలో పుచ్చపాదులు పెట్టుకునే రోజులు. అన్నయ్యగారు ఆ ఏడు కొత్త పని ఒకటి చేశారు. పిట్టలు గుడ్లు పెట్టడానికి ముందు కొన్నాళ్లు నీళ్లు కొంచెం ఎత్తుగా పారేట్టు గేట్లు పెట్టించారు. ఎందుకని అడిగితే గోడ మీద అరచెయ్యి పెట్టి చెప్పారు.

"తిప్పకు పల్లం ఉంది, మెరక ఉంది. పల్లం పొడిగా ఉంటే అవి పల్లంలోనే పెట్టేస్తాయి. నీళ్లకు దగ్గరని. ఇప్పుడే పల్లాన్ని తడిపి ఉంచితే మెరకకు పోతాయి. అవి కూర్చున్నాక నేను నీళ్లు తగ్గించుకుంటాను. మళ్లీ వదలాల్సి వచ్చినా నెమ్మదిగా వదిలితే మెరక ఎక్కవు."

"పైవాళ్లు ఒప్పుకున్నారా?"

"మొత్తం ఎంత వదలాలో చెప్పారు. ఏ రోజు ఎంత అన్నది నాకు వదిలేశారు. అందులో సర్దుకుంటున్నాను."

ఇక్కడ సర్దితే అక్కడ తేడా వచ్చింది. ఒకరోజు పొద్దున్నే ఏటి ఒడ్డు పల్లె నుంచి పుచ్చపాదుల రైతు ఒకాయన భుజాన కండువాతో మా వీధిలోకి వచ్చాడు. అన్నయ్యగారు అప్పుడే గుమ్మం దిగుతున్నారు.

"ఏంది సారూ, నువ్వేనంట గదా గేట్లాయన? మా పాదులన్నీ నీళ్లలో నానతన్నయ్. ఇత్తనం కుళ్లిపాయె. ఎందుకొదిలినవ్ అంటే పిట్టల కోసం అంటన్నారు మీ వాచర్లు. నిజమేనా?"

నలుగురూ గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. మావారు అడ్డం పడి ఏదో సర్దిచెప్పబోయారు. అన్నయ్యగారు వద్దన్నట్టు చూశారు.

"నిజమే" అన్నారు.

రైతు ఆ జవాబు అనుకోలేదు. "మేం మనుషులం గాదా మరి?" అన్నాడు, గొంతు తగ్గించి.

"ముందే వచ్చి మీతో చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాదే."

ఆ రోజు ఆయన ఆఫీసుకు వెళ్లలేదు. ఆ రైతును జీపు ఎక్కించుకుని ఏటికి వెళ్లారు. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఒడ్డు వెంట నడిచి చూపించారట. ఆ గీతకు పైన పాదులు పెట్టుకోండి, ఈ వేసవి అంతా దాన్ని దాటి నీళ్లు రానివ్వను అని మాటిచ్చారట. పై ఇసకలో తడి తక్కువ. కుండలతో మోసి పోసుకోవాలి. రైతు సణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. మళ్లీ గింజ వేసుకున్నారు. కాపు ఆలస్యంగా వచ్చింది, కొంచెం తగ్గింది. అయినా వచ్చింది.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం మావారినీ నన్నూ రమ్మన్నారు. ఆయన నోరు తెరిచి ఎవరినైనా రమ్మనడం నేను విన్నది అదొక్కసారే. గురజాల దాటి ఏటి ఒడ్డుకు పోయి, అక్కణ్ణుంచి పుట్టిలో తిప్ప పక్కగా వెళ్లాం. తిప్ప మీద దిగనివ్వలేదు. మనిషి దిగితే పిట్టలు లేస్తాయి, లేస్తే గుడ్లు ఎండకు ఉడికిపోతాయి అన్నారు.

మొదట నాకేమీ కనపడలేదు. ఇసక, ఎండ. తర్వాత ఇసకే కదిలినట్టయింది. అన్నీ పిట్టలే. రామదాసు పిట్టలు నేను చిన్నప్పుడు చెరువుల మీద చూసినవే. వాటి మధ్య ఇంకో రకం ఉన్నాయి. నల్లని రెక్కలు, తెల్లని పొట్ట, పొడుగాటి ఎర్రని ముక్కు. ముక్కు కింది సగం పై సగం కంటే పొడుగు. ఎగురుతూనే దాన్ని నీళ్లలో పెట్టి గీసుకుంటూ పోయేవి, చాకుతో గుడ్డ చీల్చినట్టు. వాటి పేరేమిటని అడిగాను.

"ఎర్రముక్కువి" అన్నారు. "మా నాయన నన్ను ఏటికి తీసుకెళ్లే రోజుల్లో కింద లంకల్లో మందలు మందలుగా ఉండేవి. ఇప్పుడు బెజవాడ నుంచి ఇక్కడిదాకా వెతికాను. ఈ కాసినే కనపడ్డాయి."

ఒక ఎర్రముక్కుది ఎగిరి వచ్చి నీళ్లలో పొట్ట ముంచుకుని మళ్లీ లేచి వెళ్లింది. అట్లా మళ్లీ మళ్లీ చేస్తోంది. స్నానమేమో అనుకున్నాను. తడి పొట్టతో వెళ్లి గుడ్ల మీద కూర్చుంటోంది. చల్లబరచడానికట. అన్నయ్యగారి మొహం మీద చెమట కారిపోతోంది, తుడుచుకోవడం లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఒడ్డున ఆ రైతు ఎదురయ్యాడు. పుచ్చకాయ కోసి పెట్టాడు.

"ఈ ఏడు నీళ్లు దొంగలాగా రాలా సారూ" అన్నాడు. మెప్పు అనుకోవాలంటే అదే.

పిల్లలు గుడ్లు పగిలి బయటికొచ్చాయని అన్నయ్యగారు చెప్పిన వారానికే ఆర్డరొచ్చింది. డ్యాం వెనకాల నిలిచిన నీళ్లు తీసేస్తేగానీ అటువైపు గోడ పని మొదలు కాదు. వానలు రాకముందే ఆ పని కొంత లేవాలి. కాబట్టి తూములన్నీ పూర్తిగా తెరవాలి, వెంటనే.

అన్నయ్యగారు తెరవలేదు. కొద్దికొద్దిగా ఎత్తిస్తూ వచ్చారు. నీళ్లు పోతున్నాయి, కానీ నింపాదిగా పోతున్నాయి. అటు గోడకు రాళ్లు మోసే కూలీలు పనిలేక నీడల్లో కూర్చున్నారు. మేస్త్రీలు తిట్టుకున్నారు. కాలనీలో ఆయనతో మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు. ముందే అంతంత మాత్రం.

పై ఆఫీసరు పిలిపించారు. గేట్ల మోటారు ఒకటి బాగులేదని మావారూ అప్పుడు అక్కడే ఉన్నారు. లోపలికి వెళ్లేముందు వరండాలో మావారు ఆయన చెవిలో చెప్పారట, "పుచ్చపాదులు మునుగుతాయని చెప్పండి సార్. రైతుల పేరు చెబితే ఎవరూ ఏమీ అనలేరు."

"కోతలు అయిపోయాయి కదండీ" అన్నారట అన్నయ్యగారు.

"అయిపోయినట్టు పైవాళ్లకేం తెలుసు?"

"నాకు తెలుసు కదా."

లోపల ఆఫీసరు కోపంగా ఏమీ లేరట. నిజంగా అర్థంకాక అడిగినట్టు అడిగారట. "ఇంతమంది కష్టపడి కట్టేది దేనికి? కింద లక్షల మంది తిండి కోసం. దాన్ని మీరు పిట్టల కోసం ఆలస్యం చేస్తున్నారని అంటున్నారు. కాదని చెప్పండి, నేను నమ్ముతాను."

"ఔనండీ, పిట్టల కోసమే. ఇంకొన్నాళ్లు ఆగితే పిల్లలకు రెక్కలొస్తాయి. ఆ తర్వాత ఒక్క పూటలో ఖాళీ చేసిపెడతాను."

ఆఫీసరు చివరకు, "ఆ కొన్నాళ్లు తీసుకోండి. ఆ తర్వాత మిమ్మల్ని ఈ గేట్ల మీద ఉంచలేను" అన్నారట. ఆయన మాత్రం ఏం చేస్తారు? ఆయన పైనా వేరేవాళ్లుంటారు.

అట్లాగే జరిగింది. గడువు అయ్యాక తూములు తెరిచారు. అదే రోజు వినుకొండ వైపు కాలవల సర్వేకు ఆయనకు బదిలీ కాగితం వచ్చింది. వెళ్లేముందు మా గుమ్మంలోకి వచ్చారు. దోసకాయ పప్పుతో అన్నం పెట్టాను. మావారి ఎదురుగా పీట మీద కూర్చుని తిన్నారు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. "ఉత్తరాలు రాస్తుండండి" అని మావారు అంటే, "చూద్దాం" అన్నారు. రాయలేదు.

డ్యాం పూర్తయింది. కుడి కాలవలోకి నీళ్లొచ్చాయి. జొన్న చేలు వరి పొలాలయ్యాయి. మా పుట్టింటివాళ్లు కూడా తెల్లన్నం తినడం మొదలుపెట్టారు. కాలవ పనుల మీద మావారిని నరసరావుపేటకు మార్చారు. కొన్నేళ్లకు గురజాలలో చుట్టాలింటికి వెళ్లినప్పుడు మనసు పీకి, ఏటి ఒడ్డుకు వెళ్లాను. తిప్ప లేదు. ఇసక పోయి అడుగునున్న బండలు తేలి ఉన్నాయి. పాదుల రైతు ఇంకా ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు.

"ఇసక యాడిదమ్మా? పైనుంచి వచ్చేది ఆ గోడ ఎనకమాలే ఆగిపాయె. ఉన్నదాన్ని ఏరు ఊడ్చుకపోయింది. మేమే పాదులు మానుకుని కూలికి పోతన్నాం."

"పిట్టలు?"

"యాడికి పోయినయ్యో" అన్నాడు.

ఆ తర్వాత కొన్ని నెలలకు నరసరావుపేట బస్టాండులో ఆయన కనపడ్డారు. వినుకొండ బస్సు కోసం నిలబడి ఉన్నారు. జుట్టు నెరిసింది. చొక్కా వదులయింది. నన్ను చూసి, "అమ్మా, బాగున్నారా" అన్నారు, నిన్ననే గోడ దగ్గర మాట్లాడుకున్నట్టు. మావారి క్షేమం అడిగారు. ఆవిడ ఎట్లా ఉన్నారని నేను అడిగాను. బందర్లోనే ఉన్నదన్నారు. ఇంటికి రమ్మంటే, ఇంకోసారి అన్నారు. చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించి చెప్పేశాను.

"తిప్ప లేదన్నయ్యగారూ. చూసొచ్చాను."

"ఉండదమ్మా. డ్యాం అయితే ఇసక రాదు. ఇసక రాకపోతే తిప్ప ఎట్లా నిలుస్తుంది? నేను గేట్ల పనిలో చేరినప్పుడే తెలుసు."

"తెలిసే చేశారా అదంతా? ఉద్యోగం మీదికి తెచ్చుకుని?"

వినుకొండ బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుని ఎక్కుతున్నారు. ఆయన ఒక అడుగు వేసి ఆగిపోయారు.

"ఆ ఏడు పిల్లలు ఎగిరాయమ్మా. మీకు చెప్పలేదు కదా."

"లేదు."

"నేను మీ ఇంట్లో భోంచేసి మాచర్ల రైలుకు వెళ్లాల్సినవాణ్ణి. వెళ్లలేదు. గురజాల వైపు లారీ ఎక్కి ఏటికి పోయాను. తూములు తెరవడానికి ముందే చాలావరకు లేచిపోయాయని తెలుసు. కానీ కళ్లతో చూడలేదు. నీళ్లు తిప్ప చుట్టూ వచ్చేశాయి. మెరక మాత్రం మిగిలి ఉంది. దాని మీద ఆలస్యంగా పుట్టిన పిల్లలు కొన్ని ఉన్నాయి. పరిగెత్తుతున్నాయి, రెక్కలు చాస్తున్నాయి, పడుతున్నాయి. తల్లులు పైన తిరుగుతున్నాయి. ఒకటి గాలికి లేచింది. లేచి, ఎగురుతున్నానని తెలియక భయపడి మళ్లీ దిగింది. మళ్లీ లేచింది. ఇంక దిగలేదు. నా తల మీదుగా పోయింది. వాటికి ముక్కు కింది సగం ఇంకా పెరగదమ్మా, రెండూ సమానంగానే ఉంటాయి. అయినా అది నీళ్ల మీదికి వంగి గీద్దామని చూసింది. గీత పడలేదు."

కండక్టరు వినుకొండ వినుకొండ అని కేకవేశాడు. ఆయనకు వినపడినట్టు లేదు. ఆయన అంతసేపు ఆపకుండా మాట్లాడటం నేను ఎన్నడూ చూడలేదు. బస్సు కదిలి, దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

"ఇది ఎవరికైనా చెప్పారా?" అన్నాను.

"ఎవరున్నారమ్మా" అన్నారు. మొహమాటంగా నవ్వారు. "మీకు ఆలస్యమవుతోందేమో."

"నాకేం పన్లేదు, చెప్పండి."

"ఇంకోటి ఉంది. అన్నిటికంటే చిన్నది. అది ఎంతకీ లేవలేదు..." అంటూ మళ్లీ మొదలుపెట్టారు.

నేను చేతిలో సంచి కింద పెట్టి, ఆయన చెప్పేది అయిపోయేదాకా అక్కడే నిలబడి విన్నాను.